గురువును మనము అడుగవలసిన లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఒక చిన్నగదిలో, నాలుగు బల్లలతో, రెండు దినపత్రికలతో ఆరంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఈ శుభసమయమున విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను బడిపంతులను కాను. పండితుడను అంతకన్న కాను. ఊరి సంఘముల జమాఖర్చులు వ్రాయుచు, తీరిక దొరికినపుడు ఈ బీరువాలలోని భారతభాగవతములను నాకు అందినంతవరకు చదువుకొన్నవాడను. కావున నా మాటలను పండితుని మాటలుగా గాక లెక్కలవాని మాటలుగా స్వీకరింప వేడుకొనుచున్నాను.

రజతోత్సవ నిధిలో మిగిలిన సొమ్ముతో మన సర్కారు బడికి ఒక పెద్ద డిజిటల్ తెర కొనియిచ్చుట బాగుండునని యువకులు ప్రతిపాదించినారు. మంచి తలంపు. నేను దానికి అడ్డు చెప్పుటకు రాలేదు. కాని ఏ ఖర్చునకైనను పద్దు వ్రాయుటకు ముందు వెనుకటి పద్దులు తిరుగవేసి చూచుట మా వృత్తిధర్మము. బడిలో పిల్లవాడే కేంద్రముగా నుండవలెననియు, పంతులు చెప్పుట తగ్గి పిల్లలు చేయుట పెరుగవలెననియు, దానికి యంత్రములు తోడుపడవలెననియు ఎన్నియో ఏండ్లుగా వినుచున్నాము. ప్రభుత్వములు ధనమును వెచ్చించినవి. పంతుళ్లకు శిక్షణలు జరిగినవి. అయినను నేటికిని ఎన్నియో తరగతులలో పంతులు బల్లమీద వ్రాయుచునే యున్నాడు, పిల్లలు దానిని దించుకొనుచునే యున్నారు. ఎందువలన? పంతుళ్లు సోమరులనియా? కాదు. ఈ విషయమున నేను చేసిన తప్పు కూడ ఒకటి కలదు. దానిని చివర మీకు నివేదించుకొందును.

ముందు భాగవతములోని ఒక ఘట్టమును జ్ఞప్తికి తెచ్చుకొందము. ప్రహ్లాదునకు చదువు చెప్పినవారు శుక్రాచార్యుని కుమారులైన చండామార్కులు. వారిని మనము పరిహాసపాత్రులుగా చూచుచుందుము. కాని వారి స్థితిని ఒక్కమారు ఆలోచింపుడు. హిరణ్యకశిపుడు కుమారుని ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఏమి నేర్చితివని అడుగును. బాలుడు తన మనస్సులోని మాట చెప్పును. అది రాజునకు రుచింపదు. వెంటనే ఆగ్రహము ఎవరిమీద పడును? గురువుల మీద. పిల్లవాడు స్వయముగా ఆలోచించినందులకు గురువు సంజాయిషీ చెప్పుకొనవలసిన బడి అది. ఆ గురువులు ఇంటిపనులమీద పోయినపుడు ప్రహ్లాదుడు తోడిబాలురను చేర్చుకొని వారికి తాను తెలిసికొన్నది బోధించెను. అనగా ఆ బడిలో నిజమైన చదువు, లెక్క చెప్పవలసిన అవసరము లేని వేళలోనే జరిగినది! గురువు ఎవరికి, దేనికి లెక్క చెప్పవలసియున్నదో దానినిబట్టియే బోధన యుండును. నేను ఈనాడు చెప్పదలచినది ఈ ఒక్క మాటయే.

పిల్లలు ఒకరివలన ఒకరు నేర్చుకొనుట పరదేశములనుండి వచ్చిన క్రొత్తమాట యని కొందరు తలంతురు. అది సరికాదు. 1823వ సంవత్సరమున బళ్లారి జిల్లా కలెక్టరు, తెలుగు వ్యాకరణము వ్రాసిన క్యాంబెల్ దొర, ఆ జిల్లాలోని వీధిబడుల లెక్క తీసి మద్రాసు ప్రభుత్వమునకు పంపెను. మొత్తము బడులు 533. అందు తెలుగు బడులు 226. చదువుకొను పిల్లలు 6,641 మంది. భాగించి చూడుడు, బడికి పండ్రెండుగురు, పదుముగ్గురు! పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దిరి. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పిరి. అంతకు ముందే మద్రాసులో ఈ పద్ధతిని చూచిన బెల్ అను మతాచార్యుడు 1797లో దానిని గూర్చి ఇంగ్లండులో పుస్తకము ప్రకటింపగా, అచ్చట అది మద్రాసు పద్ధతి యను పేర వ్యాపించినది.

అయితే ఆ బడులన్నియు స్వర్గములని నేను చెప్పబోను. ఆడపిల్లలు అందు మిక్కిలి అరుదు. ఎన్నియో కులములవారికి ఆ గడప దూరము. పిల్లలు పద్యములు వల్లించుదురే గాని వాని అర్థము తెలియకున్నారని ఆ కలెక్టరే వ్రాసినాడు. చూచితిరా! పండ్రెండుగురు పిల్లలు, తోడివారి బోధన, ఇసుక, అన్నియు నుండియు, అడుగబడునది అప్పజెప్పుట యొక్కటియే యైనపుడు, నేర్చినదియు అప్పజెప్పుటయే అయినది.

ఇక మన కాలమునకు వత్తము. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు సమావేశపరచిన విద్యాసభ చేతిపని మూలముగా చదువు చెప్పవలెనని నిర్ణయించినది. దాని పాఠ్యప్రణాళికను సిద్ధపరచిన సంఘమునకు అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్. ఆయన 1897లో మన హైదరాబాదులో జన్మించినవాడే. తరువాత 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయముతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకము ఆరంభమై, 1990లలో రాష్ట్రమంతట వ్యాపించినది. నేడు నడివయస్సు దాటిన పంతుళ్లకు అది బాగుగా జ్ఞాపకముండును. అందు ఆరు సూత్రములు: పంతుళ్లే పిల్లల పనులను కల్పించుట, చేసి, శోధించి, కనుగొని నేర్చుకొనుట, ఒంటరిగను, జట్టుగను, తరగతి మొత్తముగను పనిచేయించుట, పిల్లల భేదములను గమనించుట, ఊరి పరిసరములను పాఠముగా వాడుకొనుట, పిల్లలు చేసిన వస్తువులను తరగతిలో అలంకరించుట. ఈ ఆరింటిలో ఏది తప్పు? ఒక్కటియు కాదు. కాని జరిగినది చూడుడు. అలంకరణ కంటికి కనబడును. తనిఖీకి వచ్చినవారు దానిని లెక్కపెట్టగలరు. కావున గోడలకు బొమ్మలు వ్రేలాడినవి. పిల్లలు గుండ్రముగా కూర్చుండిరి. ఆ గుండ్రములో కూర్చుండి బల్లమీది పాఠమును దించుకొన్న తరగతులు ఎన్నియో! కూర్చుండు తీరు మారినది, అడుగు తీరు మారలేదు.

2009లో పార్లమెంటు చేసి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము బోధన శిశుకేంద్రకముగా, పనుల మూలముగా, శోధన మూలముగా జరుగవలెనని స్పష్టముగా శాసించినది. ఆ చట్టములోని అంకెలనే తీసికొని ఒక చిన్న లెక్క వేయుదును, అనుగ్రహించి వినుడు.

ఆ చట్టము ప్రకారము అరువదిమంది పిల్లలుండు ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులు మాత్రము ఐదు. ఏడాదికి పనిదినములు 200, బోధన గంటలు 800. అనగా దినమునకు నాలుగు గంటలు, 240 నిమిషములు. ఇద్దరు పంతుళ్లకు కలిపి 480 నిమిషములు. దీనిని ఐదు తరగతులకు పంచినచో తరగతికి 96 నిమిషములు. తరగతికి పండ్రెండుగురు పిల్లలనుకొన్నచో, పిల్లవానికి ఎనిమిది నిమిషములు! తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, పరిసరముల విజ్ఞానము, అన్నియు ఆ ఎనిమిది నిమిషములలోనే. ఇద్దరు పంతుళ్లును ఒక్కదినమైనను సెలవు పెట్టక, ఒక్క కాగితమైనను వ్రాయక, వచ్చిన ఒక్క తండ్రితోనైనను మాట్లాడక యున్నచో ఈ లెక్క. ఉన్నత పాఠశాలలో నలువదిమంది యున్న తరగతికి నలువదియైదు నిమిషముల పీరియడులో హాజరు తీసికొనగా మిగులునది నలువది నిమిషములు. తలకు ఒక నిమిషము.

ప్రతి పిల్లవాని ఆలోచనను విని, తప్పు ఎచ్చట వచ్చినదో కనిపెట్టి, అచ్చటనుండి నడిపింపుమని మనము కోరుచున్నాము. కోరిక న్యాయమైనదే. దానికి ఇచ్చిన మూలధనము మాత్రము ఎనిమిది నిమిషములు.

ఆ ఎనిమిదిలో సయితము కోతలు. జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరు పనులకు ఉపాధ్యాయులను నియోగింపరాదని అదే చట్టము చెప్పుచున్నది. అయినను 2024 నవంబరులో మన రాష్ట్రమున ఇంటింటి సర్వే జరిగినపుడు ప్రాథమిక పాఠశాలల పంతుళ్లు ఇండ్ల గడపలెక్కిరి, బడులు ఒంటిపూట నడిచినవి. సర్వే అవసరము కాదని నేననను; ఆ పూటల వెల ఎవరి ఖాతాలో వ్రాయబడినదని అడుగుచున్నాను. మధ్యాహ్న భోజనపు లెక్క, హాజరు యాప్, పిల్లల వివరముల నమోదు, ఫోటోలు. ఇవి లెక్క పత్రములు. వీనికి గడువు గలదు, గడువు దాటినచో సంజాయిషీ గలదు. పిల్లవాడు ఒక మంచిప్రశ్న అడిగెనా అను గడి మాత్రము ఏ పత్రములోను లేదు.

పరీక్షల సంగతియు నట్లే. ఏడాది పొడుగున పిల్లవాని అభివృద్ధిని కనిపెట్టుచుండుటకై నిరంతర సమగ్ర మూల్యాంకనమును ప్రవేశపెట్టిరి. నిర్మాణాత్మక మూల్యాంకనములో పిల్లల భాగస్వామ్యము, వ్రాతపని, ప్రాజెక్టు, లఘుపరీక్ష యని నాలుగు సాధనములుంచిరి. 2014–15లో పదవ తరగతికి వ్రాతపరీక్షకు 80, ఈ సాధనములకు 20 మార్కులు ఏర్పరచిరి. ఉద్దేశము ఉత్తమము. కాని ప్రాజెక్టుపనిని నెట్ సెంటరులో అచ్చువేయించి, అట్ట వేసి, బొమ్మ అంటించి పంపినవారు ఎవరు? పిల్లలా? కాదు, మనమే! పంతులు దానికి మార్కు వేయక తప్పదు. ఆ మార్కును రిజిస్టరులో, ఆన్‌లైనులో ఎక్కింపక తప్పదు. పిల్లవానిని చూడవలసిన కన్నులు గడులను నింపుటకు ఖర్చయినవి.

మరియొక చిక్కు మన ప్రాంతమునకు ప్రత్యేకముగా కలదు. చర్లపల్లి, మల్లాపురము, నాచారముల కార్ఖానాలకును, ఇండ్ల కట్టడములకును దేశపు నాలుగు మూలలనుండి కూలీలు వచ్చుచున్నారు. ఒకే తరగతిలో ఇంట తెలుగు మాట్లాడు పిల్ల, హిందీ మాట్లాడు పిల్లవాడు, లంబాడీ మాట్లాడు పిల్ల, ఒడియా మాట్లాడు పిల్లవాడు చేరుచున్నారు. 2022–23 నుండి మన సర్కారు బడులలో ఒకటి మొదలు ఎనిమిది వరకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టి, రెండు భాషల పాఠ్యపుస్తకములు ఇచ్చిరి. పాఠము అప్పజెప్పుటకు ఏ భాషయైనను కంఠస్థము చేయవచ్చును. కాని జట్టుగా కూర్చుండి చర్చింపుడన్నచో పిల్లలు ఏ భాషలో చర్చింతురు? పిల్ల తన ఇంటిమాటలో ఆలోచించి చెప్పబోవును. ఆ మాట పంతులునకు రాదు. పంతులు చెప్పవలసిన మాట పిల్లకు రాదు. అప్పుడు అందరికిని సులభమైనది ఒక్కటే: మౌనముగా బల్లమీదిది దించుకొనుట.

ఇక యంత్రముల మాటకు వత్తును. మనకు కూతవేటు దూరముననున్న ఇ.సి.ఐ.ఎల్. 1967లో స్థాపింపబడినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఉపగ్రహము సహాయమున మన దేశమున ఒక గొప్ప ప్రయోగము జరిగినది. ఆంధ్రప్రదేశముతో గూడ ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములలో, కోళ్లగూటి తీగవంటి జాలితో చేసిన ఛత్రములు నిలిపి, టెలివిజను పెట్టెలు అమర్చిరి. ఆ పెట్టెలు తయారైనది మన పొరుగుననున్న ఈ కార్ఖానాలోనే. ప్రొద్దుట బడిపిల్లలకు భాషకు ఇరువది రెండున్నర నిమిషముల చొప్పున హిందీ, కన్నడము, ఒడియా, తెలుగు భాషలలో పాఠములు ప్రసారమైనవి. దాని మూలముగానే సెలవులలో దాదాపు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ నిచ్చిరి. గర్వింపదగిన ఘట్టము. కాని పెట్టె చెప్పును, పిల్లవాడు వినును. పిల్లవాడు అడిగినచో పెట్టె వినదు. ఆ ఇరువది రెండున్నర నిమిషముల తరువాత తెర ఆర్పి, మీరేమి చూచితిరి, ఎందుకట్లు జరిగెనని అడుగుటకు పంతులు కావలయును.

అటు పిమ్మట 1984లో బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు, 1987లో నల్లబల్ల పథకమున ఇచ్చిన బోధనోపకరణముల పెట్టెలు, 2016 నవంబరులో మన రాష్ట్రపు ఉన్నత పాఠశాలలలో డిజిటల్ పాఠములు, కరోనా కాలమున 2020 సెప్టెంబరు 1 నుండి యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠములు, 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు. జాబితా పెద్దది. నల్లబల్ల పథకపు పెట్టెల కథ మీలో కొందరెరుగుదురు. గ్లోబులు, భూతద్దములు, కొలతపాత్రలు, ఆటవస్తువులు వచ్చినవి. చాలచోట్ల అవి ప్రధానోపాధ్యాయుని గదిలో తాళములోనే యుండెను. ఎందుకు? వస్తువు పగిలినచో స్టాకు రిజిస్టరులో ఆయన పేర పద్దు పడును. వస్తువు వాడకున్నచో ఎవరి పేరను ఏ పద్దును పడదు. లెక్కలు తెలిసిన ప్రతివాడును తాళమే వేయును! నేనైనను వేసియుందును. నేడు బీరువాపై బట్ట కప్పియున్న ప్రొజెక్టరును చూచి నవ్వువారు ఈ రిజిస్టరును కూడ ఒకసారి చూడవలెను.

మరి ఈ పని ఎచ్చటను నెరవేరలేదా? నెరవేరినది. మదనపల్లె వద్ద రిషివ్యాలీలో, చుట్టుప్రక్కల చిన్నగ్రామముల పిల్లల కొరకు 1980ల చివర ఒక పద్ధతి రూపొందినది. ఒకే గదిలో ఐదు తరగతుల పిల్లలు, ఒకే పంతులు. వారు పాఠ్యపుస్తకమును చిన్నచిన్న కార్డులుగా విడదీసి, ఒక నిచ్చెనవలె వరుస కూర్చిరి. ప్రతి కార్డుపై ఒక గుర్తు. ఏ మెట్టుమీదనున్నదో పిల్లకు తెలియును. తానే పోయి తన కార్డు తెచ్చుకొనును. కొన్ని కార్డులు పంతులుతో చేయవలసినవి, కొన్ని తోడివారితో, కొన్ని ఒంటరిగా. జ్వరము వచ్చి పదిదినములు బడికి రాని పిల్ల, వచ్చిన దినమున తాను ఆగిన మెట్టునుండియే ఎక్కును. ఈ విధానమునుండి నేర్చుకొని కర్ణాటకమువారు 1995లో హెగ్గడదేవనకోట తాలూకాలో నలి-కలి ఆరంభించిరి. 2003లో చెన్నపట్టణపు కార్పొరేషను బడులలోనికి ఇట్టి పద్ధతియే ప్రవేశించి, తమిళదేశమంతట వ్యాపించినది.

దీనిలో యంత్రమేది? కాగితము, అట్ట, బొమ్మ. కాని లెక్క చూడుడు. పిల్లలలో కొందరు తమంత తాము పనిచేయుచుండుటవలన పంతులు కాలము మిగిలినది. నేను చెప్పిన ఎనిమిది నిమిషములు, ఎవనికి అవసరమో వానికి ఇరువది నిమిషములు కాగలిగినవి. అంతకన్న ముఖ్యము, పాఠము ఎంతవరకు అయినదని గాక, ఈ పిల్ల ఏ మెట్టుమీద నున్నదని అడుగు లెక్క అచ్చట ఏర్పడినది. పంతులు కాలమును మిగిల్చు పరికరము మేలు చేయును. పంతులు కాలమును తినివేయు పరికరము ఎంత వెలగలదైనను కీడే చేయును. డిజిటల్ తెరకును ఇదే ఒరపిడిరాయి.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొందును.

చాల ఏండ్ల క్రిందట, ఒక బడికి ఒక లెక్కల పంతులు వచ్చెను. ఆ బడి పేరు గాని, ఆయన పేరు గాని చెప్పను. ఒక ఉదయమున ఆయన పిల్లలను వెంటబెట్టుకొని ఊరిబయటి బీడునకు పోయెను. వారి చేతిలో ఒక త్రాడు, నాలుగు మేకులు. త్రాడును పదునొకండు గజములకు కొలిచి, నాలుగు ప్రక్కల పరచి, మేకులు కొట్టించి, ఇదిరా గుంట యనెను. పదునొకండు పదునొకండ్లు నూట ఇరువదియొకటి. గుంటకు 121 చదరపు గజములు. ఇట్టివి నలువది యైనచో ఎకరము. పిల్లలు ఆ గుంటచుట్టు నడచిరి, అడుగులు లెక్కించిరి, వాదులాడుకొనిరి. ఇట్లు నెలన్నర జరిగినది. నోటు పుస్తకములు మాత్రము తెల్లగానే యుండెను.

తండ్రులకు ఆందోళన కలిగినది. ప్రక్క ప్రైవేటు బడిలో పిల్లలకు అప్పటికే రెండు నోటు పుస్తకములు నిండినవి! అందరును నావద్దకు వచ్చిరి. అర్జీ వ్రాయుటలో నాకు కొంత పేరు కలదు గదా! పాఠములు జరుగుట లేదనియు, పిల్లలను ఎండలో త్రిప్పుచున్నాడనియు గుండ్రని అక్షరములతో, వ్యాకరణదోషము లేకుండ వ్రాసియిచ్చితిని. నేను ఒక్కదినమైనను పోయి ఆ బీడులో నిలిచి చూడలేదు. పైనుండి పంతులును సంజాయిషీ యడిగిరి. ఆ తరువాత ఆయన బీడునకు పోలేదు. బల్ల నిండెను, నోటు పుస్తకములు నిండెను, మేము సంతసించితిమి. కొన్నాళ్లకు ఆయనకు బదిలీ యైనది.

ఏండ్లు గడచినవి. మన పొలములు ప్లాట్లయినవి. ఒకనాడు ఆనాటి పిల్లలలో ఇద్దరు, ఇప్పుడు సంసారులు, కొనదలచిన స్థలపు కాగితములతో నావద్దకు వచ్చిరి. కాగితమున గుంటన్నర యని యున్నది. అది ఎన్ని గజములగునో, చూపిన స్థలము అంత యున్నదో లేదో తెలియవలెను. వారిలో ఒకడు, ఆ అర్జీ తరువాత బడిలో చేరినవాడు, వైశాల్యపు సూత్రమును తడబడక అప్పజెప్పెను. కాని ఏ అంకెను ఎచ్చట వేయవలెనో తోచక నిలిచిపోయెను. రెండవవాడు మాటాడక స్థలములోనికి దిగి, ఒక మూలనుండి పెద్దపెద్ద అడుగులు వేయుచు పోయి, వెనుదిరిగి, "గుంట సరిపోయింది సారూ. అరగుంట లేదు" అనెను. టేపు పెట్టి కొలిచితిమి. వాడు చెప్పినదే నిజమైనది. ఎట్లు తెలిసెనురా యని నేనడుగగా వాడు నవ్వి, "ఆ సారు బీట్లో నడిపిచ్చిండు గద" అనెను.

సభాసదులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా గుండ్రని అక్షరములు ఎందరు పిల్లల కాళ్లక్రిందినుండి ఆ గుంటను లాగివేసెనో నేను లెక్క కట్టలేకపోయితిని. ఆ పంతులు క్రొత్తపద్ధతిని ఎరుగనివాడు కాడు, వెరచినవాడు కాడు, ఉపకరణము కోరినవాడును కాడు. ఒక త్రాడు చాలునన్నాడు. ఆయనకు అడ్డుపడినది ప్రభుత్వము కాదు, పేదరికము కాదు. మన ఊరి తండ్రులు అడిగిన తప్పులెక్క. అందులో చేవ్రాలు నాది.

ప్రశ్నోపనిషత్తులో ఒక కథ కలదు. ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టుకొని పిప్పలాద మహర్షివద్దకు పోయిరి. ఆయన వెంటనే పాఠము ఆరంభింపలేదు. ఒక సంవత్సరము ఇచ్చట నియమముతో నివసింపుడు. తరువాత మీ యిచ్చ వచ్చిన ప్రశ్నలు అడుగుడు. మాకు తెలిసినచో చెప్పుదుమనెను. ఆ ఉపనిషత్తునకు ప్రశ్న యనియే పేరు గాని జవాబు అని పేరు రాలేదు! అచ్చట అడుగువాడు శిష్యుడు. గురువు తనకు తెలియకపోవచ్చునని ముందే ఒప్పుకొన్నాడు. ఆ ధైర్యమును, ఆ సంవత్సరపు కాలమును మన పంతుళ్లకు మనమిచ్చితిమా? గుజరాతీ విద్యావేత్త గిజుభాయి వ్రాసిన పగటికల యను పుస్తకములోని పంతులు సయితము మొదటిదినమున ఓడిపోయి, గోలచేయు పిల్లలను ఇంటికి పంపివేయును. క్రొత్తపద్ధతి మొదట గోలగానే యుండును. ఆ గోలను చూచి నేను అర్జీ వ్రాసితిని, మీరు వ్రాయకుడు.

కావున మీకు మూడు విన్నపములు చేయుచున్నాను.

ఒకటి. సాయంకాలము పిల్లలు ఇంటికి వచ్చినపుడు, నోట్సు వ్రాసితివా, ఎన్ని మార్కులు వచ్చినవి అను ప్రశ్నలతోబాటు, ఈ దినము బడిలో నీవేమి అడిగితివి, ఏమి చేసితివి అని ఒక్కమాట అడుగుడు. నెలదినములు మీరు ఆ ప్రశ్న అడిగినచో, పంతులునకు ఆ వార్త చేరకపోదు.

రెండు. బడి నిర్వహణలో తల్లిదండ్రులకు స్థానము విద్యాహక్కు చట్టమే ఇచ్చినది. ఆ స్థానమును తప్పులెన్నుటకు మాత్రమే వాడుకొనరాదు. పంతులుమీద అర్జీ వ్రాయవలెననిపించినచో ముందుగా ఒక పూట తరగతిలో వెనుక కూర్చుండి చూడుడు. అటుపిమ్మట వ్రాయుడు. కాగితము నేనే ఇచ్చెదను.

మూడు. రజతోత్సవ నిధిని మూడు పాళ్లు చేయుదము. ఒక పాలు తెరకు. ఒక పాలు దాని మరమ్మతులకు. ఒక పాలు త్రాళ్లు, టేపులు, తక్కెడలు, భూతద్దములు, కార్డులు, కథల పుస్తకములకు. వీనిలో ఏది విరిగినను, పగిలినను, చిరిగినను పంతులు పేర పద్దు వ్రాయరాదు. గ్రంథాలయము పేర, వాడుకలో అరిగినది అని వ్రాయుదము. ఆ పుస్తకము నేను ఉచితముగా వ్రాసెదను. ఏడాది చివర ఆ పేజీ ఎంత నిండియుండునో అంత సంతోషింతును. మరియు ఈ గ్రంథాలయపు గడపవద్ద ఒక ప్రశ్నల పుస్తకము ఉంచుదము. బడిలో జవాబు దొరకని ప్రశ్నను పిల్లలు ఏ భాషలోనైనను అందు వ్రాయవచ్చును. పంతుళ్లు, మనము, పిల్లలు కలిసి ఇచ్చటి పుస్తకములలో వెదకుదము. దొరకనిచో దొరకలేదనియే వ్రాయుదము. జవాబులు నేడు చేతిలోని ఫోనులో క్షణములో దొరకుచున్నవి. వానిని నమ్మవచ్చునో లేదో అడుగు నేర్పు మాత్రము దొరకుట లేదు.

చివరి మాట. ఆ లెక్కల పంతులు ఇప్పుడెచ్చట నున్నారో నేనెరుగను. ఈ సంచిక ఏ చేతులనుండి ఏ చేతులకు పోయియైనను ఆయనకు అందునేమో యను ఆశతో, మీ అందరి ఎదుట చెప్పుచున్నాను: అయ్యా! ఆనాడు నేను వ్రాసిన అర్జీని ఉపసంహరించుకొనుచున్నాను. మీరు నేర్పిన గుంట సరిగానే యున్నది. తప్పు మా లెక్కలో నున్నది.